మార్జిన్లో అత్త

చేతిలో పెన్సిల్ లేనిదే నేను పుస్తకం తెరవను. కథల పుస్తకాలకు అక్కర్లేదనుకోండి. నేను చదివేవి వేరే రకం. మనిషి గుంపులో చేరగానే ఎందుకు మారిపోతాడు, ఉపకారం చేసినవాడి మీదే ఎందుకు కోపం పెంచుకుంటాడు, ఒక ఇంట్లో ఎవరి మాట ఎందుకు చెల్లుతుంది, ఇలాంటివన్నీ విడమరిచి చెప్పే లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు. డిగ్రీలో సోషియాలజీ చదివాను. పెళ్ళయి మద్రాసు వచ్చాక ఆ చదువుతో వెలగబెట్టిన ఉద్యోగం ఏమీ లేదు గానీ, చదివే రోగం మాత్రం వదల్లేదు. పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలమ్మే ఆయన నన్ను దూరం నుంచి చూడగానే అట్ట చిరిగిన సైకాలజీ పుస్తకాలు పైకి తీసి పెట్టేవాడు.

ఎందుకు చదువుతావని అడిగితే జ్ఞానం కోసమని చెప్పేదాన్ని. అబద్ధం. కొట్లాటకు పనికొస్తాయని చదివేదాన్ని. మాటామాటా వచ్చినప్పుడు ఎదుటి మనిషి "నా స్వభావమింతే" అంటే, అది స్వభావం కాదు, దానికొక పేరుంది, ఫలానా అధ్యాయంలో ఉంది అని చెప్పడంలో ఉన్న సుఖం చెప్పి చూసినవాళ్ళకే తెలుస్తుంది. మా ఆయనతో ఆ సుఖం లేదు. అంబత్తూరులో చిన్న లేత్ వర్క్‌షాపు నడుపుకునే మనిషి. ఇంటికొచ్చి "సెరి, నువ్వు చెప్పిందే రైటు" అని కంచం ముందు కూర్చుంటాడు. వాదనకు నిలబడే మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. మా అత్త.

అత్తకు డెబ్బై దాటాయి. నా భుజం దాకా వస్తుంది, గొంతు మాత్రం వీధి చివరి దాకా వెళ్తుంది. రసంలో మిరియాలు ఎన్ని దంచాలన్న దగ్గర్నుంచి ఏ పార్టీకి ఓటెయ్యాలన్న దాకా ఆమెకు అభిప్రాయం లేని విషయం లేదు. నాకూ లేదు. ఇరవై ఆరేళ్ళపాటు రోజూ కొట్లాడుకున్నాం. పొద్దున మొదలైన కొట్లాటకు మధ్యలో టిఫిన్ విరామం ఇచ్చి, గిన్నెలు కడిగాక వదిలిన చోటి నుంచే మళ్ళీ అందుకునేవాళ్ళం. ఏదన్నా మొహం మీదే. సాయంత్రం కాఫీ మాత్రం ఇద్దరం ఒకే గడప మీద కూర్చుని తాగేవాళ్ళం.

ఇక పెన్సిల్ సంగతి. చదువుతూ ఉండగా ఏదో ఒక పేరా దగ్గర టక్కున ఆగిపోతాను. అరె, ఈయనెవరో పరాయి దేశంలో కూర్చుని మా ఇంటి మనిషిని గురించి రాశాడే అనిపిస్తుంది. అప్పుడు మార్జిన్లో ఆ మనిషి ఎవరో రాసిపెడతాను. "మా ఆయన, ఆదివారాలు." "ఆడబిడ్డ, సగం." "అచ్చం అత్త." "మళ్ళీ అత్తే." ఒక పుస్తకంలో అయితే అత్త లేని అధ్యాయమే లేదు.

ఇవన్నీ తెలుగులో రాసేదాన్ని. ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు కాబట్టి. ఇది బయటివాళ్ళకు వింతగా ఉంటుంది. మా అత్తవాళ్ళు ఏ కాలంలోనో నేతపనికని వచ్చి చింతాద్రిపేటలో పాతుకుపోయినవాళ్ళు. ఇంట్లో మాట తెలుగు, తిట్టు తెలుగు, జోలపాట తెలుగు. అక్షరం మాత్రం తమిళం. పేపరు తమిళం, క్యాలెండరు తమిళం, పెళ్ళి శుభలేఖ తమిళం. అత్త పూజలో పాడే తెలుగు పాటల పుస్తకం కూడా తమిళ అక్షరాల్లో అచ్చేసిందే. నేను నాయుడుపేటలో తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినదాన్ని. నేను తెప్పించుకునే తెలుగు వారపత్రిక ఆగిపోయాక ఆ ఇంట్లో తెలుగు అక్షరమంటూ మిగిలింది నా పెన్సిల్ రాతలే. హాల్లో బల్ల మీద పుస్తకం తెరిచి పెట్టేసి నిశ్చింతగా వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. తాళం అక్కర్లేని బీరువా అది.

ఆ నిశ్చింతకు తోడు ఎగతాళి కూడా చేసేదాన్ని. రెండేళ్ళ క్రితం మా అన్న గృహప్రవేశానికి అందరం నాయుడుపేట వెళ్ళాం. దారిలో ఒక చిన్న బస్టాండులో దిగినప్పుడు, మరుగుదొడ్డి గోడ మీద రంగు వెలిసిన తెలుగు అక్షరాలు తప్ప బొమ్మ కూడా లేని చోట, అత్త నేరుగా మగవాళ్ళ వైపు నడిచి లోపలికి వెళ్ళింది. వెళ్ళినంత వేగంగా బయటికొచ్చింది. వెనకే ఒక ముసలాయన లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అక్కడితో ఆగినా బాగుండేది. గృహప్రవేశంలో చెప్పాను, తిరిగొచ్చాక వీధిలో చెప్పాను, ఆడబిడ్డకు ఫోన్లో చెప్పాను. ప్రతిసారీ చివర ఒక ముక్క కలిపేదాన్ని: తరతరాలుగా తెలుగువాళ్ళమని చెప్పుకుంటారు, రెండక్షరాలు చదవలేరు. అత్త మొదటిసారి తనూ నవ్వింది. తర్వాత నవ్వలేదు. అది నేను గమనించాను. మనుషుల్ని గమనించడమే కదా నా విద్య. గమనించి ఏం చేశానయ్యా అంటే, అవమానాన్ని గురించిన ఒక పేరా పక్కన "అత్త, బస్టాండు" అని రాసుకున్నాను.

పోయినేడు మా మేడ మీది గదిలోకి రాజమండ్రి వైపు అమ్మాయి అద్దెకొచ్చింది. ఐటీ ఉద్యోగం, వారంలో మూడు రోజులు గదిలోనే కూర్చుని పని. కొన్నాళ్ళకు అత్త మధ్యాహ్నం కునుకు మానేసి మురుకుల డబ్బా పట్టుకుని మేడెక్కడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పులని గుడికి కూడా ఆటో పిలిపించుకునే మనిషి, పంతొమ్మిది మెట్లు రోజూ ఎక్కి దిగుతోంది. గంటసేపు పైనే. కిందికొచ్చాక ఏమీ చెప్పదు.

నాకు వెంటనే అర్థమైపోయింది. అంటే, నా పుస్తకానికి అర్థమైంది. పాత శ్రోతలు విసిగిపోతే మనిషి కొత్త శ్రోతల్ని వెతుక్కుంటాడని అందులో ఒక మాట ఉంది. పక్కన "అత్త, మేడ మీద" అని రాశాను. నా మీద చాడీలు చెబుతోందని రూఢి చేసుకుని ఒకరోజు మెట్ల దగ్గర ఆ అమ్మాయిని పట్టుకుని, మా అత్త నీతో ఏం మాట్లాడుతుందమ్మా అని అడిగాను. పాపం నీళ్ళు నమిలింది. "అబ్బే, ఏం లేదండి ఆంటీ. బామ్మగారు ఊరికే వస్తారండి" అని లోపలికి పోయింది. ఊరికే అన్నదంటే చాడీలే. నా అనుమానానికి సాక్ష్యం కూడా దొరికింది.

ఆ తర్వాత రెండు మూడు నెలలకు అత్త మాట్లాడటం తగ్గించింది. రసం చప్పగా ఉన్నా తాగేసింది. నేను చేపల పులుసులో మామిడికాయ వెయ్యడం మర్చిపోయాను, ఒక్క మాట అనలేదు. నేనే ఉండబట్టలేక, పులుసు ఎట్లా ఉందత్తా అని అడిగితే "బాగుండాది" అంది. ఇరవై ఆరేళ్ళలో ఆ మాట వినలేదు నేను. కాఫీ గ్లాసు తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయేది. గడప మీద ఒక్కదాన్నే కూర్చుని తాగేదాన్ని.

దానికీ నా దగ్గర పేరుంది. మౌనంతో సాధించడం. రాసుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున బట్టల సంచి సర్దుకుని హాల్లోకి వచ్చి, తిరువొత్తియూరుకు పోతుండానని చెప్పింది. అక్కడ మా ఆడబిడ్డ ఇల్లు. ఎన్ని రోజులకని మా ఆయన అడిగాడు. "ఇంక ఆడనే" అంది. ఆడబిడ్డది రెండు గదుల ఇల్లు. అందులో మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఆమె అత్త. అక్కడ ఈమె పడుకోవడానికి చోటు వంటింట్లోనే. మా ఆయన నావైపు చూశాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. "ఏం చేస్తివే?" అని మాత్రం అడిగాడు. నేనేం చెయ్యలేదన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. ఆమె కావాలనే ఇలా బెదిరిస్తోందని, పోనిమ్మని, వారంలో తనే వస్తుందని చెప్పాను. ఆయన ఆటో పిలవడానికి వెళ్ళాడు. అత్త నాతో పోయొస్తానని అనలేదు. మామూలుగా వీధి చివర కూరగాయలకు వెళ్తూ కూడా చెప్పి వెళ్ళే మనిషి.

వారమైంది. రాలేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే మా ఆయన అన్నం నమలడం వినపడుతోంది. పదో రోజున మేడ మీది అమ్మాయి ఒక రెండు గీతల నోటుపుస్తకం పట్టుకుని కిందికొచ్చింది.

"బామ్మగారు మర్చిపోయారండి. వచ్చాక ఇద్దామనుకున్నా. ఎప్పుడొస్తారో తెలీట్లేదు కదండి."

తెరిచాను. మొదటి పేజీల్లో అ ఆ ఇ ఈ. వంకరటింకర, వరసలు వరసలుగా. తర్వాత గుణింతాలు. తర్వాత అల, వల, తల. గీతల మధ్య కుదురుగా నిలబడటానికి ప్రతి అక్షరం అవస్థ పడింది. పేజీలు తిప్పేకొద్దీ చేయి తిరిగింది. చివరి పేజీలకొచ్చేసరికి ఇలా ఉంది:

అత్త. అచ్చం అత్త. మళ్ళీ అత్తే. ఇదీ అత్తే. అత్త బస్టాండు. అత్త మేడ మీద. అత్త.

ఇవెందుకు రాసిందని ఆ అమ్మాయిని అడిగాను. ముందు తటపటాయించింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. బస్టాండు సంగతి పదిమందిలో చెప్పి నవ్వుతున్నానని, అక్షరాలు నేర్చుకుని నా నోరు మూయించాలని అత్త పంతం పట్టిందట. నాకు చెప్పకూడదని ఈ పిల్ల చేత ఒట్టు వేయించుకుందట. ముక్కలు కూడబలుక్కుని చదవడం వచ్చాక, చదవడానికేదైనా ఇవ్వమంటే ఈ పిల్ల దగ్గర తెలుగు పుస్తకం లేదు. అత్త వెతుక్కుంది. ఇంట్లో ఉన్న తెలుగు ఏదో మీకు ముందే చెప్పాను. హాల్లో బల్ల మీద, అత్త లేని అధ్యాయమే లేని ఆ పుస్తకం దొరికింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. అత్తకు ఇంగ్లీషు రాదు. ఆ పుస్తకంలో ఆమె చదవగలిగింది మార్జిన్ ఒక్కటే. పక్కనున్న అచ్చులో ఏం రాసుందో తెలియకుండా, పేజీ తిప్పిన ప్రతిచోటా తనే. ఒక పేరా చదివి చెప్పమని ఈ అమ్మాయికి చూపిస్తే, ఆ పిల్ల చదివి, "ఇవి ఆంటీనే అడగాలండి బామ్మగారూ" అని పుస్తకం మూసేసిందట. అంతకంటే ఘోరమైన జవాబు లేదు. అచ్చులో ఏముందో చెప్పినా అంత బాధ ఉండేది కాదు.

మర్నాడు ఆ పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని చింతాద్రిపేటలో ట్రైనెక్కి, బీచి స్టేషన్లో మారి, తిరువొత్తియూరులో దిగాను. ట్రైన్లో కూర్చుని ఏం మాట్లాడాలో తయారు చేసుకున్నాను. నాకు క్షమాపణ చెప్పడం రాదు. వాదన తయారైంది. అది నా సొంత పుస్తకం, అనుమతి లేకుండా తీసింది ఆమె, పైగా నేను రాసినవి తిట్లు కావు, పరిశీలనలు. తిరువొత్తియూరు వచ్చేసరికి గెలిచేశాను కూడా.

ఆడబిడ్డ ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఆమె అత్త హాల్లో టీవీ ముందు నిద్రపోతోంది. మా అత్త పెరట్లో పీట వేసుకుని నెత్తళ్ళు, వేలెడంత చేపలు, శుభ్రం చేస్తోంది. బొటనవేలి గోటితో తల తుంచి పేగు లాగి పళ్ళెంలో వేస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పక్కన ఇంకో పీట ఉంది, కాలితో నావైపు తోసింది. నేను సంచిలోంచి పుస్తకం తీశాను. నా వాదన తీసేలోపు ఆమే అంది.

"తెస్తివా? చదువు. నేనెవురో ఏం రాసిండారో వింటా."

"ఇంగ్లీషత్తా అది."

"తెలుసు. తెలుగులో చెప్పు. తెలుగుదానివి గదా."

సరేనని మొదటి గుర్తు దగ్గర తెరిచాను. ఇన్నేళ్ళ చదువులో నేనెప్పుడూ చెయ్యని పని అది: ఎవరి గురించి అనుకున్నానో వాళ్ళకే చదివి వినిపించడం. ఇంగ్లీషులో ఆ వాక్యం ఎంత బాగుందో. మెరిసిపోతోంది. తెలుగులోకి తేబోతే ముందు పేపరు భాష వచ్చింది, ఆధిపత్య ధోరణి అన్నాను. "అంటే?" అంది. అన్నీ తన చేతిలోనే ఉండాలనుకునే మనిషి, ఎదుటివాళ్ళు చిన్నదైనా సొంతంగా చేస్తే తట్టుకోలేదు అని ఇంటి మాటల్లో చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే చిన్నగా వినపడింది.

అత్త ఒక నెత్తలి తల తుంచింది. "ఆమా. నేనేదా అది" అని ఒప్పేసుకుంది. తర్వాత చేతులు ఆగకుండానే చెప్పింది. పదహారేళ్ళకు ఆ ఇంటికి వచ్చిందట. సామాన్ల గది తాళంచెవి ఆమె అత్త బొడ్లో ఉండేది. ఉప్పు కావాలన్నా అడగాలి. పిల్లల్ని కని, వాళ్ళను పెంచి, తల నెరిసినా అడుగుతూనే ఉంది.

"మా అత్త పోయిన పదకొండో దినం ఆ తాళంచెవి నా చేతికొచ్చె. ఏడాది తిరక్కముందే నువ్వొస్తివి, డిగ్రీ చదివి. రాంగానే ఆ గదికి తాళమెందుకు అంటివి. రాసిండాడా దాన్ని, ఆ పుస్తకమాయన?"

రాయలేదు. అతను రాసినదాంట్లో తప్పూ లేదు. ఇది నేను గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ పాటికి కొందరు పాఠకులు, చూశావా, పుస్తకాల్లో ఏముంది, జీవితమే పెద్ద పుస్తకం అని తల ఊపుతూ ఉంటారు. ఆ మాట అనేవాళ్ళు సాధారణంగా రెండూ చదవరు. పుస్తకం అధికారం చేతులు మారేటప్పుడు మనిషి ఎలా ప్రవర్తిస్తాడో సరిగ్గానే చెప్పింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసి ఏడాదైనా ఏలుకోని మనిషి అందులో ఎక్కడుందో వెతుక్కోవలసింది నేను. నేను పేరు దొరకగానే వెతకడం ఆపేశాను.

రెండో గుర్తు. ఎదుటివాళ్ళు రుణపడి ఉండాలని పెట్టే మనుషులు, పెట్టింది మర్చిపోనివ్వరు. పక్కన "అత్త, చేపముక్క" అని ఉంది. ఈసారి ఆమె చెయ్యి ఆగింది.

"ఇది తప్పు. కొట్టెయ్యి."

"ఎందుకు కొట్టెయ్యాలి? ఇరవై ఆరేళ్ళుగా నడుముముక్క నీకేస్తిని, నడుముముక్క నీకేస్తిని అని మీరు అనలేదా?"

"అంటిని. అనకుంటే నీకెట్ట తెలుస్తుంది? తినేటప్పుడు నువ్వేడ చూస్తివి కంచం, పుస్తకం పెట్టుకునే గదా తింటివి."

నేను అప్పుడు కంచం పక్కన పెట్టుకుని చదివినవి మనుషుల మనసు ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే పుస్తకాలే. సంచిలోంచి పెన్సిల్ తీసి ఆ గుర్తు కొట్టేశాను. ఆమె వంగి, సరిగ్గా కొట్టానో లేదో చూసింది.

మౌనంతో సాధించేవాళ్ళ పేరాకు మాత్రం ఒప్పుకుంది. "అది ఉండనీ. అది నిజం. నువ్వొస్తివి గదా ఈడికి" అని నవ్వింది. ఎన్నాళ్ళకో ఆ నవ్వు విన్నాను. తర్వాతి పేజీలో ఇంకో పేరా: మనిషి తన తప్పుకు పరిస్థితుల్ని కారణంగా చూపిస్తాడు, ఎదుటివాడి తప్పుకు వాడి బుద్ధినే కారణంగా చూపిస్తాడు. దీనికాడ ఎవురి పేరుండాదని అడిగింది. మా ఆయన అని ఉంది. "వాడా? వాడికి ఎదుటోడి తప్పు కనిపించేది ఎప్పుడు? అన్నమే చూసుకోడు" అంది. తర్వాత పళ్ళెం పక్కన పెట్టి చేతులు కడుక్కుని, తుడుచుకుని, పుస్తకం తన చేతిలోకి తీసుకుంది. మొదట్నుంచి చివరిదాకా పేజీలు తిప్పింది. చూపుడువేలు మార్జిన్ల వెంట మాత్రమే నడిచింది.

"ఇంత లావు పుస్తకంలో నీ పేరు ఏడుండాది?"

ఉందన్నాను. చూపించమంది. మొదటి అట్ట తిప్పి చూపించాను. నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పక్కన కొన్న నెల. ఈ పుస్తకం నాది అని.

అత్త కూడబలుక్కుని చదివింది, పెదవులు కదుపుతూ. అంతా చదివి పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె ముందు కూర్చుని ఆమె తెలుగు చదవడం వినడం నాకదే మొదటిసారి. బాగా చదివారత్తా అన్నాను. నిజానికి ట్రైన్లో తయారు చేసుకున్న మాటల్లో అది లేదు. ఆ మాట పట్టించుకోలేదు ఆమె. అప్పుడు చెప్పింది, అసలు దేనికి వచ్చేసిందో.

"నువ్వు నన్ను అంటావు. నేను నిన్ను అంటాను. ఏదైనా మొహాన. నా కూతురు కూడా నాతో అట్ట మాట్లాడదు, అమ్మా అమ్మా అని సర్దుకుంటా పోతుంది. నువ్వు ఒకదానివి మొహాన అంటావని నాకు ధైర్యం. ఇప్పుడు చూస్తే నాకు తెలీకుండా ఎవురికో చెప్పుకుంటుండావు, ఆ పెన్సిల్తో. మొహాన అనేదానికి ఏమొచ్చె నీకు?"

నేను సంపాదించుకున్న బిరుదులన్నీ నోటివల్లే వచ్చాయి. నోరు మంచిది కాదని పుట్టింట్లో అన్నారు, అత్తింట్లో అన్నారు. ఆ నోటిని నమ్ముకుని ఒక మనిషి ఇరవై ఆరేళ్ళు నాతో కాపురం చేసిందని మొదటిసారి తెలిసింది. బస్టాండు సంగతి ఇంక ఎవరికీ చెప్పనన్నాను. "చెప్పు. ఇప్పుడు చెప్పు. చివర్లో నేను చదివేది కూడా కలిపి చెప్పు" అంది.

మేం నాలుగు అధ్యాయాలు పూర్తి చేశాం. ఒప్పుకున్నవి ఉంచాం, ఒప్పుకోనివి కొట్టేశాం, రెండింటి దగ్గర గొంతులు లేచి హాల్లో నిద్రపోతున్న ఆడబిడ్డ అత్త లేచి వచ్చి ఏమైందని అడిగింది. సాయంత్రానికి ఆడబిడ్డ వచ్చింది. వేయించిన నెత్తళ్ళతో అన్నం పెట్టింది. కంచం పక్కన పుస్తకం పెట్టుకోలేదు నేను. తిన్నాక అత్త లేచి, కూతురి వంటింటి మూలనున్న బట్టల సంచి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. ఏందమ్మా, ఈడనే ఉంటానంటివే అని కూతురు అడిగితే, చాలా విసుగ్గా జవాబిచ్చింది.

"ఇంకా సగం పుస్తకముండాది. నీ టీవీ మోతలో ఏడ కొట్లాడేది."

పుస్తకాలు నేను మానలేదు. ఎందుకు మానాలి? ఇప్పుడు మధ్యాహ్నం ఒక పేరా అయినా ఆమెకు ఇంటి తెలుగులో చెప్పవలసి వస్తోంది. చెప్పబోతే మాటలు దొరకని పేరాలు కొన్ని ఉన్నాయి. అవి నాకు అర్థం కాలేదన్నమాట, ఇంగ్లీషు బాగుందని అర్థమైందనుకున్నాను. మేడ మీది అమ్మాయి అప్పుడప్పుడు దిగొచ్చి వింటుంది, కానీ ఎవరి పక్షమూ వహించదు. తెలివైన పిల్ల.

పెన్సిల్ ఇప్పుడు ఇద్దరిదీ. పోయిన వారం కొత్తగా కొన్న పుస్తకం తెరిస్తే, నేనింకా చేరని ఒక పేజీ మార్జిన్లో గుండ్రటి అక్షరాలతో "కోడలు" అని ఉంది. కింద గీత కూడా. ఇంగ్లీషు రాకుండా ఈ పేరా నాదని ఎట్లా తెలిసిందని అడిగాను.

"తెలీదు. అన్నిటికన్నా పొడుగ్గా ఉండాది గదా, అందుకని నీదే అనుకుంటిని."

చదివి చూస్తే అది కోతుల గురించి. పక్కపక్కన బతికే కోతులు కరుచుకునేంత కొట్లాడుకుని, కాసేపటికి ఒకదాని దగ్గరికి ఒకటి వచ్చి కూర్చుని వెంట్రుకలు చూసుకుంటాయట. అలాగే తెలుగులో చెప్పాను. అత్త శ్రద్ధగా విని, కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"చూస్తివా. చదవకుండానే సెరిగ్గా రాసినా."

అది గుడ్డిగా తగిలిందని నేను, కాదని ఆమె. ఇంకా తేలలేదు.